దీపం పెట్టాక అడిగిన పెరుగు

నాందేడ్‌లో ఇళ్ల ధరలు మాకు అందడం లేదు. రోజూ రైల్లో పనికి వచ్చిపోవచ్చని భోకర్‌లో వెతుకుతున్నాం. ఈ సాయంత్రం అక్కడ ఒక చిన్న ఇల్లు చూశాం. నేను కుళాయిలు తిప్పాను, గోడలు తట్టాను, స్టేషన్ ఎంత దూరమో అడిగాను. మా ఆవిడ లత ఏమీ అడగలేదు. బయటికొచ్చి నేరుగా పక్కింటి తలుపు కొట్టింది.

"పెద్దమ్మా, పాలు తోడేసెతందుకు గింత పెరుగిస్తరా?"

చేతిలో పాలు లేవు, ఆ ఊళ్లో మాకింకా ఇల్లే లేదు. నేను సిగ్గుతో చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను.

"దీపం పెట్టినంక పెరుగు బయటికియ్యం బిడ్డా," అంది ఆ పెద్దావిడ. "పాలే ఇటు తీస్కరా, నేనే తోడేస్త. పొద్దుగాల వచ్చి తీస్కపో."

తిరుగు రైల్లో లత, "గా ఇల్లే తీస్కుందాం" అంది.

"ఆమె పెరుగియ్యలే గదా."

"పొద్దుగాల రమ్మన్నది గదా."

ఇన్నేళ్లు అద్దెకున్న ఏ ఇంటి దగ్గరా పక్కవాళ్లు మమ్మల్ని రమ్మనలేదని రైలు దిగాక గానీ నాకు తట్టలేదు.

ఇల్లు చూడబోతే మీరు ముందు ఏం చూస్తారో చెప్పండి. కుళాయిలు మాత్రం బాగున్నాయి, అవి నేను చూశాను.