పెద్దబాపు గోటి పరీక్ష

మెదక్‌లో మా పెద్దబాపు పోయాడని పొద్దున్నే ఫోన్ వచ్చింది. నాన్నకు అన్న, నాకు సైకిల్ నేర్పినవాడు. తొంభైకి దగ్గరపడ్డ మనిషే అయినా, చేతిలో చాయ్ చల్లారేదాకా అలాగే కూర్చుండిపోయాను.

ఆయన ఇంటి ముందుకు సైకిల్ మీద ఎవరొచ్చినా ఊరికే పోనిచ్చేవాడు కాదు. హ్యాండిల్ మీద, పెడల్ కడ్డీల మీద బొటనవేలి గోరు మెల్లగా నడిపేవాడు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ పగులు మొదలైనట్టే. మేం విసుక్కుంటే, "గోరుకు ఎరుకైతది, కంటికి గాదు" అనేవాడు.

ఈ చాదస్తం ఎక్కడ మొదలైందో పెద్దమ్మ ఎడమ మణికట్టు చూస్తే తెలిసేది. పోలీసు చర్యకు ముందు రోజులవి. రజాకార్లు వస్తున్నారని విని, కొత్త పెళ్లికూతురిని వెనక కూర్చోబెట్టుకుని కుల్చారం నుంచి మెదక్ బయల్దేరాడట. సైకిల్‌కు పట్నంలో కొన్న అల్యూమినియం హ్యాండిల్. మావాళ్లు దాన్ని సిల్వర్ అంటారు. అప్పట్లో అదో షోకు. ఒకసారి వంగితే ఇనుప కడ్డీలాగే మోకాలికి ఆనించి సరిచేశాడు. దీపం బిగించడానికి బొక్క కూడా కొట్టాడు. సగం దారిలో, గుంత కూడా లేని చోట, ఆ బొక్క దగ్గరే హ్యాండిల్ పుటుక్కున విరిగి ఇద్దరూ కిందపడ్డారు. మిగతా దారి ఇద్దరూ చేలగట్ల మీద నడిచారు. విరిగిన పెద్దమ్మ చెయ్యి వంకరగా అతుక్కుంది.

"మీ పెద్దబాపు షోకు జేసిండు, నా చెయ్యి వంకరబోయింది" అని గాజులు తొడిగించుకున్నప్పుడల్లా ఆటపట్టించేది. మేం నవ్వేవాళ్లం, ఆయన నవ్వేవాడు కాదు.

నేను అల్యూమినియం సైకిల్ కొని, మా పాపకు సీటు బిగించడానికి గొట్టానికి బొక్క కొట్టబోతే పెద్దబాపు డ్రిల్ మిషన్ వైరు పీకేశాడు.

"ఇనుము జర వంగి చెప్తది. సిల్వర్ అన్ని దెబ్బలు లోపల్నే దాసుకొని ఒక్కపారి ఇరుగుతది. పోరిని గూసోబెట్టే బండికి బొక్క గొడ్తవారా? బొక్క లేకుండ బిగించే సీటు దొరుకుతది, గది తే."

బతిమాలినట్టే అన్నాడు. ఆ పూట అడ్డుపడ్డందుకు ఎన్నిసార్లు మనసులో దండం పెట్టుకున్నానో.

దినాలు అయ్యాక, బొక్క లేకుండా బిగించిన ఆ సీట్లో పాపను వెనక కూర్చోబెట్టుకుని సైకిల్ మీద బయల్దేరబోయాను.

"ఆగు బిడ్డ" అంది పెద్దమ్మ.

అరుగు దిగి వచ్చింది. ఆమెకు చూపు సరిగా ఆనదు. గాజుల్లేని ఆ వంకర చేత్తోనే హ్యాండిల్ తడిమి, బొటనవేలి గోరు ఈ కొస నుంచి ఆ కొసకు నడిపింది. తర్వాత పాప సీటు దాకా వచ్చింది. అక్కడ గోరు చాలాసేపు తిరిగింది, ఎక్కడా తట్టుకోలేదు.