మా బావ బిగించని కొళాయి

మా బావ పోయాడు. మా ఆవిడకి సొంత అన్న. పలాసలో ముప్పై ఏళ్లు ఇంటింటికీ కొళాయిలు బిగించిన మేస్త్రీ. పోయిన నెల ఒక పొద్దున్న ఆయన కూతురు ఫోను చేసి చెప్పింది. నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. నా మాటకి ఎదురుమాట చెప్పకుండా ఆయన ఏనాడూ వెళ్లిపోలేదు.

ఎవరింట్లో పని చేసినా, కొత్త కొళాయి కింద పాత పేపరు పరిచి, టీ తాగినంతసేపు దాన్నే చూసేవాడు. పేపరు మీద ఒక్క చుక్క తడి లేకపోతేనే లేచేవాడు. అంత చాదస్తం. ఆ చాదస్తంతో నన్ను ఏడిపించిన రోజు గురించి చెప్తాను.

లారీ నడపడం మానేశాక సోంపేటలో ఒక పాత వ్యాను కొన్నాను. అందులో మంచం, గ్యాస్ పొయ్యి, సింకు పెట్టించి చిన్న ఇల్లులా చేయించాను. మా ఆవిడని పూరీ తీసుకెళ్తానని మాటిచ్చి రెండుసార్లు తప్పాను. మూడోసారి, పోయిన వేసవిలో, రేపు బయల్దేరతామనగా సింకు మీద కొళాయి మొదలంటా విరిగింది.

"రేపు బండి కదల్లేదంటే దీన్ని అమ్మీసి నాను రైల్లో ఎల్లిపోతాను," అంది మా ఆవిడ. అన్నంత పనీ చేసే మనిషి. బావకి ఫోను చేశాను.

కొత్త కొళాయి పట్టుకుని బస్సు దిగాడు. తీరా వచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు.

"కిందన పడుకో బావా," అన్నాడు.

"నాను పడుకుంటే నువ్వేటి సేత్తావు?"

"సూత్తాను."

"మేస్త్రీవి నువ్వా, నానా?"

"బండి నీది. దార్లో ఊడితే పలాస నుంచి నన్ను పిలుత్తావేటి?"

నడుం పట్టేస్తున్నా సింకు కిందకి దూరాను. కొళాయి అడుగున ఒక ప్లాస్టిక్ నట్టు బిగించాలి. నాది లారీ చక్రాలు బిగించిన చెయ్యి. పానా వేసి ఒక్క తిప్పు తిప్పాను. నట్టు టప్పుమని చీలింది.

"టైరు మార్సీసినావేటి బావా?" అన్నాడు. మా ఆవిడ నవ్వింది.

బజారుకెళ్లి ఇంకోటి తెచ్చాను. అదీ చీల్చాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మూడోదానికి వెళ్తే కొట్టువాడు, "తింటన్నావేటి తాతా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు దిగుంటే ఈపాటికి అయిపోయీది! కుర్సీ మేస్త్రీవి!" అని అరిచాను.

"పానా ఒగ్గీ. ఏళ్లతో తిప్పు. ఒక కాడ అదే ఆగుతాది. నువ్వూ అక్కడే ఆగు."

ఆగాను. కింద పేపరు పరిపించాడు. హమ్మయ్య అనుకునేలోగా, "ఇప్పుడు మందస దాకా తోలుకెళ్లి రా," అన్నాడు.

"ఎందుకు?"

"ఇంటి కొళాయి నిలబడుంటాది బావా. ఇది పరిగెడతాది. కుదుపుకి ఆగుతాదో లేదో సూడాల."

దారి పొడుగునా తిట్టుకుంటూ మందస వెళ్లొచ్చాను. పేపరు పొడిగానే ఉంది.

మా ఆవిడ టీ ఇచ్చి లోపలికి వెళ్లింది. బావ గ్లాసుని రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు. అయినా సగం టీ చొక్కా మీదే పడింది. వేళ్లు వణుకుతున్నాయి. నేను చూశానని ఆయన చూశాడు.

"దానికి సెప్పకు," అన్నాడు మెల్లగా. "పూరీ మానీసి నా ఎనకాల ఆసుపత్రులమ్మట తిరుగుతాది."

నోటిదాకా వచ్చిన వేళాకోళాన్ని మింగేశాను. నా జన్మలో అదొక్కసారే అనుకుంటాను. ఆయన పోయిన రోజున ఈ సంగతి చెప్తే మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

మేం పూరీలో ఉన్న రెండో రోజు బావ ఫోను చేశాడు. స్పీకరు పెట్టాను.

"కారతందేటి?"

"లేదు."

"నీ మాట నమ్మను. ఫోను దానికియ్యి. అమ్మా, కొళాయి తిప్పి కట్టీసి, ఫోను దాని కాడ ఎట్టు."

మా ఆవిడ కొళాయి తిప్పి, కట్టేసి, సింకులోకి వంగి ఫోను పట్టుకుంది. ఫోనులో ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఒక్క చుక్క చప్పుడు లేదు. అయినా ఆవిడ ఫోను తియ్యలేదు. ఆయనా పెట్టెయ్యలేదు.