వియ్యపురాలి అలక

అప్పట్లో నేను ఆగిరిపల్లి దగ్గర ఒక చిన్న బడిలో పంతులమ్మని. మామిడితోట కాపలా కాసే వాళ్ళింట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడకు నలభై దాకా ఉంటాయి. కిందటేడే కూతురిని ఉంగుటూరు ఇచ్చి పెళ్ళి చేసింది. ఆ పిల్లకు ఐదో నెల వచ్చింది, సరిగ్గా అప్పుడే ఈవిడకూ నెల తప్పింది.

ఇంకో ఊళ్ళో అయితే పుల్లమామిడికాయ కొరుకుతుంటే చాలు, ఆడవాళ్ళు ఇట్టే పసిగడతారు. మా తోటల్లో కాపు దిగిందంటే ముసలీ ముతకా, ఆఖరికి మా హెడ్మాస్టరుగారు కూడా ఉప్పూకారం అద్దుకుని అవే నములుతారు. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. చదువుకున్నదాన్నని నాకు మాత్రం చెప్పింది. చెప్పి, కొంగుముడి విప్పి ఒక ఎండు వేరు చూపించింది. కడుపు పోవడానికి పక్క ఊరి మందులావిడ ఇచ్చిందట. అమావాస్య దాటాక వాడమందట.

నాకు ఒళ్ళు మండింది. ట్రైనింగులో నేర్చుకున్న ఆరోగ్య పాఠమంతా అక్కడికక్కడే అప్పజెప్పాను. గర్భసంచి బొమ్మ పలక మీద వేసి చూపించాను. సొరకాయ బాగా వేశారంది. రక్తం ఆగదన్నాను, ప్రాణం పోతుందన్నాను. అన్నీ విని నెమ్మదిగా అంది.

"చావంటే భయం లేదండీ పంతులమ్మగారూ. అల్లుడి ముందు కడుపుతో ఎట్టా తిరగమంటారు? మా వియ్యపురాలికి తెలిస్తే ఉంగుటూరంతా చాటింపేస్తది."

ఆ వియ్యపురాలి నోటికి జడవనివాళ్ళు లేరు. పెళ్ళిలో గారెలు గట్టిగా ఉన్నాయని ఆవిడ అన్న మాటలు ఊళ్ళో ఇంకా చెప్పుకుంటున్నారు. మర్నాడు ఆదివారం. నేను హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి నేరుగా ఆవిడ గుమ్మం ముందే దిగాను. దీని బుద్ధి గడ్డి తిందా అని మీరనుకోవచ్చు. పాఠానికి లొంగని మనిషి, తను భయపడేవాళ్ళకైనా లొంగుతుందని నా ఆశ. ఆవిడ అంతా విని, ఒక్క మాట అనకుండా చీర మార్చుకుని నాతో వచ్చింది.

వస్తూనే వాకిట్లో నులకమంచం వాల్చుకుని మూతి ముడుచుకుని కూర్చుంది. మజ్జిగ ఇస్తే తాగలేదు. మామిడికాయ పప్పు పెడితే కంచం వంక చూడలేదు. మగపెళ్ళివారు అలిగితే ఇంకేముంది, ఆడపిల్లవారికి కాళ్ళూ చేతులూ ఆడవు. ఇంటాయన తలపాగా చేత పట్టుకుని, ఏం లోటు జరిగిందమ్మా అంటూ మంచం చుట్టూ ప్రదక్షిణాలు చేశాడు. పాపం, ఆయనకు భార్య సంగతే ఇంకా తెలియదు. కోడిని కొయ్యమంటారా అని కూడా అడిగాడు. పొద్దు వాలేదాకా ఇదే తంతు. చివరికి ఇంటావిడ మంచం పక్కన కూలబడి, ఏం కావాలో చెప్పమని బతిమాలింది.

"పెళ్ళిలో మావాడు అలక్కుండానే లేచొచ్చాడు వదినగారూ. ఆ అలక నేను తీర్చుకుంటున్నా. మీ కొంగున కట్టుకున్నది నా చేతిలో పెడితేనే ముద్ద ముట్టేది."

ఇంటావిడ కొంగుముడి గుప్పిట్లో బిగించి పట్టుకుంది. వియ్యపురాలు గొంతు తగ్గించి, తన తల్లీ తనూ ఒకే ఏడు కన్నామనీ, ఆఖరి తమ్ముడు తన పాలు తాగే పెరిగాడనీ చెప్పింది. ఇద్దరి పురుళ్ళకూ తనే వచ్చి ఉంటాననీ, నవ్వేవాళ్ళ సంగతి తన నోటికి వదిలెయ్యమనీ అంది. అప్పటికి ముడి విప్పింది మహాతల్లి. వేరు పొయ్యిలోకీ పప్పన్నం వియ్యపురాలి నోట్లోకీ వెళ్ళాయి. పప్పులో ఉప్పు చాలలేదని అనకుండా మాత్రం ఊరుకోలేదు.

శ్రావణంలో కూతురూ, దీపావళి వెళ్ళాక తల్లీ క్షేమంగా కన్నారు. ఆపైన వియ్యంకుణ్ణి నూజివీడు ఆసుపత్రికి పంపి ఆపరేషన్ చేయించింది కూడా ఆవిడే. మగపెళ్ళివారి మాట కదా, గొణుక్కుంటూనే వెళ్ళాడు.

అదే మందులావిడ దగ్గర అదే వేరు తీసుకున్న ఇంకొకామె, మా తోటల్లోకే కూలికి వచ్చేది, ఆ వేసవిలోనే పోయింది. ఆమె కూతురు నా బళ్ళో రెండో తరగతి. ఆమె వాకిట్లో అన్నం మానేసి కూర్చోవడానికి ఎవరూ లేకపోయారు.