తాళమున్న ఫ్లాటు పైపు

కోకాపేట బస్సులో నా పక్కన కూర్చున్నాయన అపార్ట్‌మెంట్లలో వేడినీళ్ల పైపులు చూసే మెకానిక్. లోపల కుళాయి తిప్పితేనే ఆ ఫ్లాటు పైపు వేడెక్కుతుందట. అరచేయి కాయలు కాసిందని, జ్వరం చూసినట్టు చేతి వెనకవైపు ఆనించి చూస్తాడట.

"ఇగ ఫ్లాటు ఫ్లాటుకు వేడినీళ్ల మీటర్లు పెట్టిన్రు సార్. రేపటిసంది నన్ను రావద్దన్నరు."

"మీటరైతే తప్పు చూపదు కదండీ" అన్నాను.

"ఒక ఫ్లాట్లకు ఇంకా ఎవ్వరు రాలే, తాళమేసున్నది. మీటర్ల సున్నా. పొద్దుగాల పైపు మీద చెయ్యి వెడితె మాత్రం రోజూ వెచ్చగుంటది."

పుప్పాలగూడలో దిగేముందు నా మణికట్టును కూడా అలాగే తాకి చూశాడు.

మా అపార్ట్‌మెంట్లోనూ మీటర్లొచ్చాయి. పక్క ఫ్లాటుకు చాలాకాలంగా తాళమే, మీటరు సున్నా. వరండాలో దాని పైపు మీద ఒకే ఒక్కసారి చేతి వెనకవైపు ఆనించి, చటుక్కున తీసేశాను. అప్పటినుంచి మీటరునే నమ్ముతున్నాను.