సగటు వేగం పన్నెండు

రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు నన్ను మంగళగిరి దగ్గర హైవే పక్కనున్న వర్క్‌షాపుకు ఫీల్డ్ టెక్నికల్ ఆఫీసరుగా వేశారు. ఫిబ్రవరి మొదటి వారంలో చేరాను. షోరూము వాళ్ళు తేల్చలేని ఫిర్యాదులను మా కార్ల కంపెనీ తరఫున పరీక్షించి, లోపం బండిదో కాదో రాతపూర్వకంగా చెప్పడం నా పని. వర్క్‌షాపులో మేనేజరుది నాకంటే పెద్ద హోదా. అయినా ఆ నివేదిక మీద సంతకం మాత్రం నాదే.

చేరిన పది రోజులకు అద్దంకి నుంచి హనుమంతరావు గారు వచ్చారు. మిర్చి వ్యాపారి, నలభై అయిదేళ్ళ మనిషి. ఆయనది నల్లటి స్పోర్ట్స్ సెడాన్. రెండు లీటర్ల పెట్రోలు ఇంజిను, టర్బో, నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు. టర్బో అంటే పొగ పోయే దారిలో వేడి వాయువులతో తిరిగే చిన్న పంకా. అది ఇంజినులోకి గాలి ఎక్కువగా తోస్తుంది, దానికి తగ్గట్టు పెట్రోలూ ఎక్కువే కావాలి. నాలుగు చక్రాలనూ తిప్పే ఇరుసులు, గేర్లు అదనపు బరువు. ఇలాంటి బండి మన ఎండల్లో ఏసీ వేసుకుని లీటరుకు పదకొండు కిలోమీటర్లిస్తే తప్పు పట్టడానికి లేదు. సంక్రాంతి దాకా ఆయనకు అంతే ఇచ్చింది. ఆ తర్వాత ఆరుకు పడిపోయింది.

నేను పద్ధతి ప్రకారం వెళ్ళాను. నాలుగు టైర్లలో గాలి, అరుగుదల సమానంగా ఉన్నాయో లేదో చూశాను. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిలో ఒక్క టైరు తేడా ఉన్నా మైలేజీ దెబ్బతింటుంది. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని చక్రాల వేడి చూశాను. టర్బో గొట్టాల్లో గాలి లీకు లేదు. ఎయిర్ ఫిల్టరులో ఎర్రటి మిరప దుమ్ము పేరుకుని ఉంటే కొత్తది వేయించాను. చివరికి ట్యాంక్ టు ట్యాంక్ పరీక్ష. ట్యాంకు నింపి, వంద కిలోమీటర్లు నేనే నడిపి, మళ్ళీ అదే బంకులో అదే మిషను దగ్గర నింపించడం. లీటరుకు పన్నెండు వచ్చింది.

బండి తిప్పి పంపించి, హనుమంతరావు గారికి ఫోన్ చేసి, "బండిలో లోపమేమీ లేదండీ. పెట్రోలు ఇంకెక్కడికో పోతోంది" అన్నాను.

ఆ రెండో మాట నేను అనవలసింది కాదు. నేనేదో మామూలుగా అన్నాను. ఆయనకు అది వేరేగా వినిపించింది. ఆయన దగ్గర పన్నెండేళ్ళుగా మస్తాన్ అనే డ్రైవరున్నాడు. వెంటనే అతన్ని నిలదీశారట. అతను తీయలేదన్నాడు గానీ, పెట్రోలు ఏమైందో మాత్రం చెప్పలేదట. "శనివారం తాళాలిచ్చేసి వెళ్ళిపొమ్మన్నానండీ. మీరు ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి" అని తిరిగి ఫోన్ చేసి నాకు చెప్పారు హనుమంతరావు గారు.

ఆ నివేదిక రాయడానికి కూర్చున్నప్పుడు, పరీక్షలకు ముందు బండి కంప్యూటరు నుంచి తీసిన ప్రింటు మొదటిసారి పూర్తిగా చదివాను. డ్యాష్‌బోర్డులో కనిపించే మైలేజీని నమ్మకూడదనీ, ట్యాంకు కొలతే నిజమనీ మాకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ దాన్ని పక్కన పెట్టేశాను. అందులో గత నెల రోజుల సగటు మైలేజీ ఆరని ఉంది. కంప్యూటరు లెక్కపెట్టేది ఇంజినులో మండిన పెట్రోలునే. ట్యాంకులోంచి ఎవరైనా పైపు వేసి లాగేస్తే అది దానికి తెలియదు, పదకొండనే చూపిస్తుంది. ఆరు చూపించిందంటే పెట్రోలంతా ఇంజినులోనే కాలిందన్నమాట. కింది వరుసలో సగటు వేగం గంటకు పన్నెండు కిలోమీటర్లు. హైవే మీద తిరిగే బండికి అంత తక్కువ వేగం రావాలంటే, రోజూ గంటల తరబడి ఎక్కడో నిలబడి ఇంజిను తిరుగుతూ ఉండాలి.

మస్తాన్ దొంగ కాడు. అతన్ని దొంగను చేసింది నా మాట.

మర్నాడు గురువారం. హనుమంతరావు గారి కల్లానికి వెళ్ళాను. సీజనులో ఆయన కల్లం దగ్గర కారు దిగి, జీపులో పొలాల వెంట తిరుగుతారు. ఎత్తు తక్కువ కారు ఆ డొంకల్లో పోదు. కల్లం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ముక్కుకు గుడ్డలు కట్టుకుని పాతికమంది ఆడవాళ్ళు రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతున్నారు. కారు దిగగానే నాకు దగ్గు పట్టుకుంది. ఓ పక్క వేపచెట్టు నీడన నల్ల కారు ఇంజిను తిరుగుతూ నిలబడి ఉంది. దాని ముందు యాభై ఏళ్ళు దాటిన మనిషి, కారుకు వీపు చేసి నిలబడ్డాడు. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క నిమిషం ఆగండి సార్. పాప పాలు తాగుతోంది."

నేనూ అటు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి వెనక తలుపు తెరుచుకుని ఒకావిడ దిగి, కొంగు సర్దుకుంటూ కాయల వైపు నడిచింది. పేరు సువార్త. లోపల సీటు మీద దుప్పటి, దాని మీద నాలుగు నెలల ఆడపిల్ల. ఆ మనిషే మస్తాన్. నేనెవరో చెప్పాను. అతను ముందు తలుపు తీసి, పాపను చూస్తూ స్టీరింగు ముందు కూర్చున్నాడు. అద్దం వేలెడు దించి ఉంచాడు.

"ఆ ఘాటుకు పిల్ల నీలంగా అయిపోయింది సార్ ఒకరోజు. ఎత్తుకొచ్చి ఇందులో పడుకోబెట్టా. ఏసీకి తేరుకుంది. ఇంట్లో చూసేవాళ్ళు లేరు. పనిలోకి రాకపోతే ఆ అమ్మాయికి జరగదు."

"దొంగ అన్నారు కదా. అప్పుడన్నా చెప్పొచ్చుగా మస్తాన్ గారూ?"

"చెబితే నా పేరు బాగుపడుద్ది సార్. పాప బయటికి పోద్ది" అన్నాడు. మళ్ళీ తనే, "నేనే ఏసీ వేసుకుని నిద్రపోతున్నానని రాయండి. మా సారు నాలుగు తిట్టి ఊరుకుంటారు" అన్నాడు.

అలా రాయడం నా వల్ల కాదన్నాను. జీపు వచ్చేదాకా అక్కడే ఉన్నాను. హనుమంతరావు గారు దిగగానే ముందు నా తప్పు ఒప్పుకున్నాను. పెట్రోలు ఎవరూ తీయలేదనీ, ఇంజినులోనే కాలిందనీ, చూడకుండా మాట జారింది నేనేననీ చెప్పాను. ఎందుకు కాలిందని అడిగితే, కారు చూడమన్నాను.

ఆ కారు సీట్ల మీద ఎవరైనా చెయ్యి పెడితేనే ఊరుకునే మనిషి కాదాయన. వెనక తలుపు విసురుగా తెరిచారు. పాప ఉలిక్కిపడి పిడికిళ్ళు బిగించి, మళ్ళీ నిద్రలోకి జారింది. ఆయన తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డారు. అవతల సువార్త చేతిలో కాయలు పట్టుకుని లేచి నిలబడింది. ఆయన రెండు చేతులతో తలుపును చప్పుడు కాకుండా మూశారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల దాటింది సార్."

"నన్ను అడగొచ్చు కదరా."

హనుమంతరావు గారే మళ్ళీ అన్నారు. "అడిగినా ఒప్పుకునేవాణ్ణి కాదులే."

శనివారం మస్తాన్ ఎక్కడికీ పోలేదు. పై వారం మిర్చి తూచే కాటా గదిని ఖాళీ చేయించి, కిటికీలు బిగించి, ఏసీ పెట్టించారట. మరో ఇద్దరు తల్లులు కూడా పిల్లల్ని తెచ్చుకున్నారని ఏప్రిల్ సర్వీసుకు వచ్చినప్పుడు మస్తాన్ చెప్పాడు. ఆ గది సిద్ధమయ్యేదాకా కారు వేపచెట్టు కిందే ఇంజిను తిరుగుతూ ఉందనీ, పాప లేచిందా అని సారు జీపులోంచి ఫోన్ చేసి అడిగేవారనీ కూడా చెప్పాడు.

మిగిలిన రెండేళ్ళలో వచ్చిన ప్రతి మైలేజీ ఫిర్యాదుకూ, బండి ఎంత దూరం నడిచిందో చూసే ముందు ఇంజిను ఎంత సేపు తిరిగిందో చూశాను. నా తర్వాత వచ్చిన ఆఫీసరుకూ అదే చెప్పాను. బండిలో లోపం లేదని తేలితే నివేదికలో 'లోపం లేదు' అని రాసి, అక్కడ ఆపాలి. తర్వాతి వాక్యం మనుషుల గురించి అవుతుంది. దానికి వాళ్ళ దగ్గరికి వెళ్ళి చూడాలి.