మెమోలో రాసిన మాట

దేవకుమారి కాలువ మీద లస్కరు. మొగుడు చిట్టియ్య పోయాక ఆయన ఉద్యోగమే ఆమెకిచ్చారు. పదకొండేళ్లుగా తూముల షట్టర్లు ఎత్తడం, దించడం ఆమె పని. ఎవరి మాటా జవదాటింది లేదు.

రెండో పంట, దాళ్వా వరి పొట్ట మీదుంది. నీళ్లు వంతులవారీగా వదులుతున్నారు. ఆ రోజు శివారు పొలాల వంతు. పొద్దున్నే వెళ్లి చూస్తే పైనున్న హరిబాబు గారి తూము బార్లా తెరిచి ఉంది. ఆయనకక్కడ వరి కూడా లేదు, చేపల చెరువుంది. శివారులో నేల నెర్రెలు విచ్చింది. శివారు రైతులు చూస్తుండగానే దేవకుమారి షట్టర్ దించి తాళం వేసింది.

మూడో రోజుకి మెమో వచ్చింది. పై అధికారిని అడక్కుండా తూము మూసే 'టెమెరిటీ' చూపినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఆ సంజాయిషీ కూడా ఆఫీసులో గుమాస్తా రమేష్ బాబే టైపు చేసి ఉంచాడు.

"తెలియక చేశానని రాశానమ్మా. సంతకం పెట్టెయ్. లేదంటే ఉద్యోగం పోద్ది."

"ఆ ఇంగ్లీషు మాటకి అర్థం ఏంటండీ?"

"పొగరనుకో. నీకెందుకమ్మా అదంతా?"

సంతకం పెట్టకుండా ఇంటికి తెచ్చింది. కూతురు సారిక ఫోన్లో వెతికి చదివింది. ముందూ వెనకా చూడని తెగింపట. గుడ్డిగా చేయడాన్ని చెప్పే లాటిన్ మాట నుంచి వచ్చిందట. మన తమస్సుకీ దానికీ మూలం ఒకటేనంటారట, చీకటి.

దేవకుమారి అన్నం పళ్లెం పక్కకి నెట్టేసింది.

"పొగరన్నా పడేదాన్నే. గుడ్డిగానా? చీకట్లో వచ్చి తూమెత్తించింది ఆ హరిబాబు గారు. పట్టపగలు నలుగురి ముందూ దించింది నేను. ఆ మాట నాకా?"

"ఆయనకి మెమో ఎవరిస్తారే అమ్మా," అంది సారిక.

మర్నాడు తన చేత్తోనే రాసిన కాగితం తెచ్చి రమేష్ బాబు ముందు పెట్టింది. ఆ రోజు ఎవరి వంతో, తూము ఎన్ని అంగుళాలు ఎత్తి ఉందో, నీళ్లు ఎవరి చెరువులోకి పోతున్నాయో అన్నీ ఉన్నాయి. 'తెలియక' అన్న మాట ఎక్కడా లేదు.

"ఇదిస్తే ఏమవుద్దో తెలుసా?"

"తెలుసండి. తెలిసే రాశాను."

"హరిబాబు గారి పేరు కొట్టెయ్యమ్మా, పోనీ."

"కొట్టనండి. అందినట్టు సంతకం పెట్టివ్వండి."

రమేష్ బాబు చుట్టూ చూశాడు. గదిలో అందరూ పని ఆపి వీళ్లనే చూస్తున్నారు. ఆమె కదల్లేదు. ఆయన మెల్లగా పెన్ను మూత తీశాడు.