పెద్దమ్మ వేయించిన తవుడు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, కోదాడలో మా కాలేజీ స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా ఫోన్ మోగింది. మిర్యాలగూడ నుంచి పెద్దమ్మ కోడలు. "అక్కా, అత్తమ్మ పోయిందక్కా. పొద్దుగాల చాయ తాగి జరసేపు పంటనన్నది. మల్ల లేవలే" అంది. నేను డబ్బా మూత మళ్లీ పెట్టేశాను. పక్క కుర్చీలోని మేడం నా మొహం చూసి, "ఎవరండీ, సొంత పెద్దమ్మగారా?" అని అడిగింది. "కాదండీ, మిర్యాలగూడలో నేను కిరాయికున్న ఇంటామె" అన్నాను. ఆవిడ "అయ్యో" అని తన డబ్బా తెరుచుకుంది. ఆమెను తప్పుపట్టడానికేం లేదు. కిరాయి ఇంటామె పోయిందంటే ఎవరైనా అంతకన్నా ఏమంటారు?

అందుకే ఇది రాస్తున్నాను. పెద్దమ్మను దేవతను చేసి రాస్తే ముందు నాకే నవ్వొస్తుంది. నల్లా దగ్గర బిందెల వరుస కోసం వాడకట్టు మొత్తంతో పేచీ పెట్టుకునేది. సీరియల్ చూసేటప్పుడు ఎవరు పిలిచినా పలికేది కాదు. నచ్చని మాట వింటే మొహం మీదే అనేసి, సాయంత్రానికి మరిచిపోయేది, మనల్ని కూడా మరిచిపొమ్మనేది. కానీ ఇవాళ నా పేరు ముందు డాక్టర్ అని ఉందంటే, అందులో ఆమె ఫ్రిజ్జుకు వంతు ఉంది. ఆమె కడాయికి కూడా ఉందని నేనంటాను. ఆమె మాత్రం చాలా రోజులు ఒప్పుకోలేదు.

మాది గరిడేపల్లి దగ్గర ఊరు. గొర్ల మంద వెంట తిరిగిన ఇల్లు. నేను సూర్యాపేటలో డిగ్రీ చదివి, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, మిర్యాలగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీ మొదలుపెట్టాను. మా గైడ్ సార్ సూర్యాపేటలో ఉండేవారు, ల్యాబూ అక్కడే. "మిల్లుల నడుమ ఉంటున్నవు, తవుడు మీద చెయ్యమ్మా" అన్నారాయన.

తవుడంటే బర్రెల దాణా అనే మనకు తెలుసు. అందులో ఒరిజనాల్ అనే ఒక పదార్థం ఉంటుంది. నూనెలను గాలి చెడగొట్టకుండా అడ్డుపడే గుణం దానిది. ఇలాంటివాటినే యాంటీఆక్సిడెంట్లు అంటాం. ఏ రకం వడ్ల తవుడులో ఇది ఎంత ఉంది, ఎంత బాగా పనిచేస్తుంది అన్నదే నా పరిశోధన. చిక్కల్లా ఏమిటంటే, మర నుంచి బయటపడ్డ తవుడు ఆగదు. కొద్ది గంటల్లోనే దానిలోని నూనె చెడిపోవడం మొదలై ముక్క వాసన వస్తుంది. వెంటనే చల్లదనంలో పెట్టాలి. పైగా మిర్యాలగూడ మిల్లుల్లో ఎక్కువగా ఆడేది ఉడకబెట్టిన వడ్లు. నాకు కావలసింది వేడి తగలని పచ్చి వడ్ల తవుడు. అది దొరికేది వానకాలం పంట వచ్చాక కొన్నాళ్లే.

గది చూడడానికి వెళ్లిన రోజే ఫ్రిజ్జు సంగతి అడిగాను. లోపల కొంచెం చోటిస్తారా అంటే, పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం పెడ్తవ్ బిడ్డా?"

"తవుడు పెద్దమ్మా."

ఆమె పెరట్లో కట్టేసిన బర్రె వైపు చూసి, గొంతు తగ్గించి, "జర మెల్లగ అను. తవుడు ఫిర్జుల పెడ్తరని అది ఇన్నదంటే రేపటి సంది గడ్డి ముట్టది" అంది. గది నాకే ఇచ్చింది.

ఆ ఫ్రిజ్జు పేరుకే ఆమెది. పక్కింటి రిటైర్డ్ కండక్టర్ ఇన్సులిన్, ఎదురింటివాళ్ల దోసెల పిండి, పూలమ్మే ఆమెకు మిగిలిన మల్లె మూరలు, అన్నీ అందులోనే. ఎవరి వస్తువు ఎక్కడుందో పెద్దమ్మకు తప్ప ఎవరికీ తెలియదు, ఎవరూ తలుపు తీయకూడదు. "ఒకలది ఇంకొకలకు అంటొద్దు" అనేది. నా బట్ట సంచులకు మంచు కట్టే పై గడి మొత్తం ఖాళీ చేసింది. ఏ సంచి ఏ మిల్లుదో, ఏ రకం వడ్లదో రాసిన చీటీని నేను దారంతో కట్టేదాన్ని. ఆమెకు చదువు రాదు కానీ, ఏ సంచి పక్కన ఏది పెట్టానో నాకంటే బాగా గుర్తుపెట్టుకునేది. ఆదివారం పొద్దున నేను ఆ సంచులను మంచు ముక్కలతో థర్మాకోల్ డబ్బాలో సర్దుకుని సూర్యాపేట బస్సెక్కుతుంటే, గుమ్మంలో నిలబడి, "కిటికి కాడ కూసోకు, ఎండ తలుగుతది" అని కేకేసేది. ఎండ నాకు కాదు, తవుడుకు.

మిల్లుకు కూడా నాతో ఒకటి రెండుసార్లు వచ్చింది. పచ్చి వడ్లు ఆడేది సాయంత్రాలు. ఆ దుమ్ములో, లారీల మధ్య నేనొక్కదాన్నే పోవడం ఆమెకు నచ్చలేదు. గుమస్తా ఎదురుగా బెంచీ మీద కొంగు దులుపుకుని కూచుని, "ఆడివిల్ల సదువుకోనీకె వచ్చింది. నువ్వు ముచ్చట్లు పెడ్తే తవుడు ఆగుతదా? జల్ది పట్టియ్యి" అంది. ఆయన నవ్వుతూ లేచాడు. మరలోంచి వెచ్చగా రాలుతున్న తవుడును నేను సంచిలో పడుతుంటే, ఆమె చిటికెడు తీసి వాసన చూసింది. వాసన చూడకుండా ఆమె దేన్నీ నమ్మేది కాదు, పాలను, పప్పును, చివరికి నేను కొన్న కొత్త చీరను కూడా.

అట్లా రెండేళ్లు సాగింది. చివరి విడత సంచులన్నీ పట్టుకొచ్చాను, వాటితో పని పూర్తవుతుంది. సరిగ్గా అప్పుడే సూర్యాపేట ల్యాబులో మిషన్ చెడిపోయి బాగుకు పోయింది. అది తిరిగొచ్చేదాకా తవుడు పెద్దమ్మ దగ్గరే ఉండిపోయింది. ఎండలు ముదిరాయి. మా చిన్నాయన కొడుకు పెళ్లికని నేను ఊరికి పోయిన రోజుల్లో వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఆ వేసవి కరెంటు కోతలు మన వైపు ఎవరూ మరిచిపోయి ఉండరు. కోతల మీద ఇదొకటి. కరెంటు పోయి తెల్లారినా రాలేదు. ఫ్రిజ్జులో మంచు కరిగి నీళ్లు కారడం మొదలైంది. పెద్దమ్మ కండక్టరుగారి ఇన్సులిన్‌ను తడిబట్ట చుట్టి మట్టికుండలో పెట్టింది. దోసెల పిండి ఎవరిది వాళ్లకు పంపింది. మిగిలింది నా తవుడు. నాకు ఫోన్ చేస్తే పెళ్లి బ్యాండు మోతలో నేను ఎత్తలేదు.

చెమ్మ తగిలితే పురుగు పడుతుంది, అది ఆమెకు తెలుసు. ముసురు పట్టే ముందు రవ్వను వేయించి డబ్బాలకెత్తడం మా ఇళ్లలో ఆడవాళ్లందరూ చేసే పని. ఆమె అదే చేసింది. పెరట్లో కట్టెల పొయ్యి ముట్టించి, పెద్ద ఇనుప కడాయి పెట్టి, ఒక్కొక్క సంచినీ విడివిడిగా వేయించింది. ఏ సంచి వేయిస్తుంటే దాని చీటీని పక్కన రాయి కింద పెట్టుకుని, చల్లారాక అదే సంచిలో పోసి, అదే చీటీ కట్టింది. ఒకటి అయ్యాక కడాయిని బట్టతో తుడిచి రెండోది మొదలుపెట్టింది. ఆ ఎండలో, ఆ పొగలో, ఆ వయసులో.

నేను వచ్చేసరికి ఇల్లంతా కమ్మటి వాసన. సంచులు వరుసగా మంచం మీద ఉన్నాయి. "పురుగు పడ్తదని ఏంచి పెట్టిన బిడ్డా. ఏది దానికే ఉంచిన" అంది, మెచ్చుకుంటానని నా మొహంలోకి చూస్తూ. నేను మంచం పట్టె మీద కూచుని ఏడ్చాను. వేడి తగలకూడని తవుడు అది. మళ్లీ పచ్చి వడ్లు ఆడేది వచ్చే వానకాలం పంటకే. ఎందుకేడుస్తున్నానో నా నోటి నుంచి మెల్లగా తెలుసుకుని, ఆమె చేతిలోని కొంగు వదిలేసింది. "ఖరాబ్ జేసిన్నా?" అని అడిగింది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదని మర్నాడు కోడలు చెప్పింది.

భయపడుతూనే సూర్యాపేట వెళ్లి సార్‌కు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, కాసేపు నవ్వాపుకుని, "పారెయ్యకు. అది కూడా చెయ్యి. పచ్చిది వచ్చే పంటకు తెచ్చి పక్కన పెట్టి చూద్దాం" అన్నారు. తవుడును త్వరగా చెడగొట్టే ఎంజైమును వేడి ఆపేస్తుంది, ఫ్యాక్టరీల్లో ఆవిరితో చేసేది అదే. ఆ సంగతి పుస్తకాల్లో ఉన్నదే, నేను పాఠంగా చెప్పిందే. కట్టెల పొయ్యి మీద ఇనుప కడాయిలో వేయిస్తే ఏమవుతుందో మాత్రం మేమెవరం చూడలేదు. చూశాం. నూనె చెడకుండా నిలిచింది, ఒరిజనాల్ దాదాపు అట్లాగే ఉంది. థీసిస్‌లో అదొక అధ్యాయమైంది. మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దాయన ఎక్కువసేపు అడిగింది ఆ అధ్యాయం గురించే.

ఇదంతా పెద్దమ్మకు ఎన్నిసార్లు చెప్పానో. ఆమె తలూపేది, నమ్మేది కాదు. పట్టా వచ్చినప్పుడు స్వీట్ డబ్బా తీసుకుపోతే, ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇది ఎప్పుడు రావాల్సింది?" అని అడిగింది. అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. "పోయినేడు" అన్నాను. "సూసినవా మరి. నా వల్లనే గదా ఒక పంట ఎన్కకు పోయినవ్. మీ సారు మంచోడు, నన్ను అనొద్దని నీకు జెప్పి ఉంటడు." నేను కోదాడకు మారాక ఎప్పుడు వెళ్లినా ఇదే మాట. కొత్తవాళ్లెవరైనా ఉంటే, "ఈ పిల్ల సదువు నేనే ఖరాబ్ జేసిన" అని నన్ను పరిచయం చేసేది. నాకు కోపం వచ్చేది. ఒక మనిషి అంత ప్రేమతో చేసిన పనిని అంత బరువుగా మోస్తుంటే చూడడం కష్టం.

మాటలతో కాదని తెలిసొచ్చింది. రాష్ట్రం వచ్చిన తర్వాతి నెలల్లో ఆమెకు గుండె బలహీనమైందని, దవాఖానకు తీసుకుపోయి తెచ్చారని తెలిసి, చూడ్డానికి బయల్దేరుతూ మా కాలేజీ ల్యాబు ఫ్రీజరు తెరిచాను. ఆమె వేయించిన తవుడు కొంచెం అందులో దాచి ఉంది. దాని సారం తీసి ఒక చిన్న సీసాలో పోశాను. ఇంకో సీసాలో, పరీక్షలకు వాడే ఊదా రంగు ద్రావణం. యాంటీఆక్సిడెంట్ పడితే ఆ రంగు విరిగిపోతుంది. వెలుతురు తగలకుండా నల్ల కాగితం చుట్టి, రెండు గాజు గొట్టాలు సంచిలో వేసుకుని మిర్యాలగూడ బస్సెక్కాను.

పెద్దమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. బాగా చిక్కిపోయింది. నేను స్టూలు లాక్కుని రెండు గొట్టాల్లోనూ ఊదా ద్రావణం పోశాను.

"వంకాయ రంగున్నది" అంది.

"ముట్టుకోవద్దు పెద్దమ్మా, మందు అది. ఒక దాంట్ల ఏం పొయ్య. ఇగో, ఇంకో దాంట్ల నువ్వు ఏంచిన తవుడు రసం పోస్తున్న. జరసేపు చీకట్ల ఉండాలె."

రెండింటినీ ఒక గ్లాసులో నిలబెట్టి పైన ఇత్తడి బిందె బోర్లించాను. కోడలు పెట్టిన టీవీని ఆమే బంద్ చేయమంది. మా అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడిగింది, బర్రె ఈనిన సంగతి చెప్పింది. మధ్యమధ్య బిందె వైపు చూస్తూ, "అయిందా?" అనేది. "ఇంక కాలే" అనేదాన్ని. పిండి పులిసిందా అని మూత తీయబోయే పిల్లలను కసిరేటప్పుడు ఆమె గొంతు ఎట్లా ఉండేదో, నా గొంతు అట్లా వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

సమయమయ్యాక గొట్టాలను గుడ్డతో తుడిచి, మూతలు గట్టిగా బిగించి, ఆమె రెండు చేతుల్లో ఒక్కోటి పెట్టాను. ఒకటి వంకాయ రంగులోనే ఉంది. రెండోది లేత పసుపు.

ఆమె ఒకదాన్ని చూసి, ఇంకోదాన్ని చూసి, మళ్లీ మొదటిదాన్ని చూసింది.

"ఇది నేను ఏంచిందేనా?"

"నువ్వు ఏంచిందే."

"ఖరాబైతే గిట్ల గాదా?"

"ఖరాబైతే ఆ రంగు అట్లనే ఉంటుండె పెద్దమ్మా. సూడు, నువ్వే సూడు."

ఊదా గొట్టాన్ని నాకిచ్చేసింది. పసుపుదాన్ని మాత్రం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత, వంట గురించి మాట్లాడేటప్పుడు ఉండే ఆ పాత గొంతుతో అంది:

"అప్పుడు పరేషాన్ల మంట జర ఎక్కువైంది బిడ్డా. మల్లొకసారి తెస్తే దోరగ ఏంచుత."

తెస్తానన్నాను. ఆమె ఆ గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తింది. వేళ్ల మధ్య ఆ లేత పసుపు నీళ్లు ఎండకు మెరిసి, ఆమె చెంప మీద చిన్న వెలుగు పడింది. చెయ్యి నొప్పి పుడుతుందేమో, దించు పెద్దమ్మా అన్నా దించలేదు.